ఓడ నడపని కమాండర్: జేమ్స్ బాండ్ నౌకాదళ సర్వీసు సంగతి

సందేహాల_సుబ్బు | శనివారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి.

ఈ వారం ఇయాన్ ఫ్లెమింగ్ నవల ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’ (1964) చదివాను. చివర్లో జేమ్స్ బాండ్ చనిపోయాడనుకుని, టైమ్స్ పత్రికలో వచ్చినట్టుగా ఒక సంస్మరణ ఉంటుంది. రాసింది అతని పై అధికారి ఎం. అందులో బాండ్ పుట్టుపూర్వోత్తరాలన్నీ ఉన్నాయి. తండ్రి ఆండ్రూ స్కాట్లండ్ వాడు, తల్లి మోనిక్ స్విట్జర్లండ్ ఆవిడ. ఇద్దరూ పర్వతారోహణలో పోయారు. పదకొండేళ్ల పిల్లవాణ్ని మేనత్త పెంచింది. ఈటన్‌లో కొన్నాళ్లు, ఆ తర్వాత ఫెటిస్ బడిలో చదివాడు. పదిహేడేళ్లకు బడి మానేశాడు. అప్పటికి 1941. వయసు పంతొమ్మిది అని అబద్ధం చెప్పి, తండ్రి పాత సహోద్యోగి ఒకాయన సాయంతో రక్షణ వ్యవహారాలు చూసే ఒక శాఖలో చేరాడు. పని రహస్యమైనది కాబట్టి అతనికి నౌకాదళ వాలంటీర్ రిజర్వులో లెఫ్టినెంట్ హోదా ఇచ్చారు. యుద్ధం ముగిసేసరికి కమాండర్ అయ్యాడు.

ఇది గాజువాకలో ఉండే మా బాబాయికి చదివి వినిపించాను. ఆయన నౌకాదళంలో పదిహేనేళ్లు చేసి పెటీ ఆఫీసరుగా రిటైర్ అయ్యారు. విని, టీ గ్లాసు పక్కన పెట్టి, ‘‘1941లో పదిహేడు అయితే 1945లో ఎంతరా?’’ అన్నారు. ఇరవై ఒకటి అన్నాను. ‘‘ఇరవై ఒకటికి కమాండరా? ఏ నౌకాదళంరా అది, మీ కాలేజీ ఎన్.సి.సి.నా?’’ అని ఒకటే నవ్వు.

ఇదీ నా సందేహం. ఇది సాధ్యమేనా? అసలు బాండ్ నావికుడేనా? నేను చదివిన మూడు నవలల్లోనూ అతను ఓడ నడిపిన సన్నివేశం ఒక్కటీ లేదు.

లంగరు | శనివారం, రాత్రి 10.03

సుబ్బు గారూ, మీ బాబాయి గారికి నా సెల్యూట్. నేనూ ఆ కొలువులోనే చేశాను, చీఫ్ పెటీ ఆఫీసరుగా బయటికి వచ్చాను.

హోదాల వరస తెలియనివారి కోసం చెబుతున్నాను. కింది నుంచి సబ్ లెఫ్టినెంట్, లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ కమాండర్, కమాండర్, కెప్టెన్. మన నౌకాదళమూ బ్రిటిష్ వాళ్ల నుంచే ఈ వరస తీసుకుంది. సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్ ఎంతో, ఇక్కడ కమాండర్ అంత. చేతి మీద మూడు బంగారు చారలు, పై చారకు ఒక మెలిక. చాలామంది కమాండర్ అంటే ఏదో దళానికి నాయకుడనుకుంటారు. అది ఒక మెట్టు పేరు మాత్రమే.

బ్రిటిష్ రాయల్ నేవీలో లెఫ్టినెంటుగా ఎనిమిదేళ్లు చేస్తే లెఫ్టినెంట్ కమాండర్ హోదా దానంతట అదే వచ్చేది. కమాండర్ మాత్రం అలా రాదు, ఏరి ఇస్తారు. చాలామంది ఆ మెట్టు ఎక్కకుండానే ఇంటికి వెళ్లిపోతారు. నాలుగేళ్లలో లెఫ్టినెంట్ నుంచి కమాండర్, అదీ ఇరవై ఒకటో ఏట! మీ బాబాయి నవ్వడంలో తప్పేమీ లేదు.

మధ్యాహ్నపు_నిద్ర | శనివారం, రాత్రి 10.20

కల్పిత పాత్ర పదోన్నతి ఫైలు మీద ఇంత విచారణా? విమానం లోంచి దూకి బతికితే నమ్ముతారు, మూడు చారలు వేసుకుంటే నమ్మరు.

పాత_అట్టలు | శనివారం, రాత్రి 11.45

నిద్ర గారూ, విచారణ జరగాల్సిందే. ఎందుకంటే ఆ సంస్మరణ ఒక్కటే లెక్క తప్పలేదు, ఫ్లెమింగ్ రాసిన లెక్కలన్నీ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.

మొదటి నవల ‘కేసినో రాయల్’ 1953 ఏప్రిల్‌లో వచ్చింది. అందులో బాండ్ తన బెంట్లీ కారును 1933లో దాదాపు కొత్తదిగా కొన్నాడని ఉంటుంది. 1955లో వచ్చిన ‘మూన్‌రేకర్’లో, బాండ్ పనిచేసే 00 విభాగంలో వాళ్లు నలభై అయిదేళ్లకు ఆ పని మానాలి, తనకింకా ఎనిమిదేళ్లుంది అనుకుంటాడు. అంటే అప్పటికి ముప్ఫై ఏడు, పుట్టింది 1917 ప్రాంతంలో. 1957 నాటి ‘ఫ్రమ్ రష్యా, విత్ లవ్’లో రష్యన్ల దగ్గరున్న ఫైలు ప్రకారం అతను 1938 నుంచీ బ్రిటిష్ రహస్య సేవలో ఉన్నాడు. చివరికి 1964లో ఎం. గారు రాసిన సంస్మరణ ప్రకారం 1941లో పదిహేడేళ్లు. పుట్టింది 1924 అనుకోవాలి.

ఇవన్నీ కలిపితే మన కథానాయకుడు తొమ్మిదో ఏట బెంట్లీ కొన్నాడు, పద్నాలుగో ఏట గూఢచారి అయ్యాడు.

కారణం సులువే. పుస్తకం తర్వాత పుస్తకం వస్తోంది, కాలం గడుస్తోంది, బాండ్‌కు మాత్రం వయసు పెరగకూడదు. అందుకని రచయిత అతని పుట్టుకనే ముందుకు జరుపుతూ పోయాడు. యుద్ధాన్ని మాత్రం జరపలేడు కదా! అందుకే పాపం, కుర్రవాడి చేత వయసు గురించి అబద్ధం చెప్పించాల్సి వచ్చింది. 1917 లెక్క తీసుకుంటే యుద్ధం ముగిసేసరికి బాండ్‌కు ఇరవై ఎనిమిది. అప్పుడు కమాండర్ అంటే సుబ్బు గారి బాబాయి ఇంతగా నవ్వరేమో.

లంగరు | ఆదివారం, ఉదయం 6.15

ఇరవై ఎనిమిదికైనా నవ్వుతారు. కాస్త తక్కువగా నవ్వుతారు.

తీరరేఖ | ఆదివారం, ఉదయం 8.50

మీరందరూ ‘కమాండర్’ అనే మాట దగ్గరే ఆగిపోయారు. దాని పక్కన ఉన్న ఆర్.ఎన్.వి.ఆర్. అనే నాలుగు అక్షరాలను వదిలేశారు. అసలు సంగతి అక్కడుంది.

రాయల్ నేవల్ వాలంటీర్ రిజర్వు 1903లో పుట్టింది. సముద్రం వృత్తి కానివాళ్లు, అంటే లాయర్లు, బ్యాంకు ఉద్యోగులు, విలేకరులు, సొంత పడవలున్న సరదారాయుళ్లు చేరే దళం అది. వ్యాపార నౌకల మీద పనిచేసే అసలైన నావికులకు వేరే రిజర్వు ఉండేది. ఈ వాలంటీర్ల చేతి మీద చారలు తిన్నగా ఉండేవి కావు, అలల్లా వంకరగా ఉండేవి. అందుకే వాళ్లకు ‘వేవీ నేవీ’ అని పేరు. ఆ రోజుల నాటి పరిహాసం ఒకటుంది: రిజర్వు వాళ్లు పెద్దమనుషులు కావాలని చూసే నావికులు, వాలంటీర్లు నావికులు కావాలని చూసే పెద్దమనుషులు, అసలు రాయల్ నేవీ వాళ్లు రెండూ కాకుండా రెండూ కావాలని చూసేవాళ్లు.

సంస్మరణలో ఇంకో మాట కూడా ఉంది, సుబ్బు గారు దాటేశారు. బాండ్‌ది ఆ రిజర్వులోని స్పెషల్ బ్రాంచి. ఓడ నడపడంతో సంబంధం లేని పనులవాళ్లను పెట్టిన శాఖ అది. వాళ్ల చారల మధ్య ఆకుపచ్చ గుడ్డ కనిపించేది. ఆ ఆకుపచ్చ చూడగానే ఏ నావికుడైనా ‘ఈయన చేతికి చుక్కాని ఇవ్వకూడదు’ అని అర్థం చేసుకునేవాడు.

యుద్ధకాలంలో అక్కడ హోదా మనిషి అనుభవాన్ని బట్టి కాక, కూర్చున్న కుర్చీని బట్టి వచ్చేది. ఒక రహస్య విభాగం తరఫున అడ్మిరళ్లతో, ఇతర శాఖల పెద్దలతో మాట్లాడాలంటే భుజం మీద ఏదో ఒకటి ఉండాలి. అందుకని ఇచ్చేవారు. ‘పని రహస్యమైనది కాబట్టి హోదా ఇచ్చారు’ అని ఎం. రాసింది అదే. అంటే బాండ్ పేరుకే కమాండర్ అని రచయితే ఒప్పుకున్నాడు. వేసుకున్నది నౌకాదళం చొక్కా, చేసింది గూఢచారి పని.

సందేహాల_సుబ్బు | ఆదివారం, ఉదయం 9.30

తీరరేఖ గారూ, కళ్లు తెరిపించారు. అయితే అన్ని దళాలుండగా నౌకాదళమే ఎందుకు? సైన్యంలో మేజర్ అనో, విమానదళంలో వింగ్ కమాండర్ అనో పెట్టొచ్చు కదా.

పాత_అట్టలు | ఆదివారం, ఉదయం 10.40

ఎందుకంటే ఆ చొక్కా రచయితదే.

ఫ్లెమింగ్ 1908లో పుట్టాడు. రాయిటర్స్‌లో విలేకరిగా చేశాడు, 1933లో మాస్కోలో బ్రిటిష్ ఇంజనీర్ల మీద జరిగిన విచారణకు వెళ్లి వార్తలు పంపాడు. తర్వాత లండన్‌లో స్టాక్ బ్రోకర్ అయ్యాడు, అందులో పెద్దగా రాణించలేదు. 1939లో నౌకాదళ గూఢచార విభాగం అధిపతి, రియర్ అడ్మిరల్ జాన్ గాడ్‌ఫ్రీ, తనకు సహాయకుడు కావాలని వెతికి ఇతన్ని పట్టుకున్నాడు. ఆ జులైలో ఫ్లెమింగ్‌కు ఆర్.ఎన్.వి.ఆర్.లో లెఫ్టినెంట్ హోదా ఇచ్చారు. కొన్ని నెలలకే లెఫ్టినెంట్ కమాండర్ చేశారు, తర్వాత కమాండర్. లంగరు గారు చెప్పిన ఎనిమిదేళ్ల మెట్టును నెలల్లో దాటేశాడు! బాండ్ పదోన్నతి ఎక్కడి నుంచి వచ్చిందో చూశారా? ముప్ఫై దాటిన స్టాక్ బ్రోకర్‌కు జరిగినదాన్ని తీసుకెళ్లి పదిహేడేళ్ల కుర్రవాడికి తగిలించాడు. అక్కడే లెక్క చెడింది.

అతని కార్యాలయం లండన్‌లో అడ్మిరల్టీ భవనంలోని 39వ నంబరు గది. రహస్య సంకేతం 17ఎఫ్. పని ఏమిటంటే కాగితాలు. అడ్మిరల్ తరఫున ఉత్తరాలు రాయడం, ఇతర గూఢచార శాఖలతో తగవులు తీర్చడం, ఇంకా పథకాలు ఆలోచించడం.

ఆ పథకాల్లో రెండు చెప్పి ఆపుతాను, లేకపోతే తెల్లవారిపోతుంది.

1940లో జర్మన్ నౌకాదళం వాడే ఎనిగ్మా అనే రహస్య సంకేత యంత్రం తాలూకు పుస్తకాలు కావాల్సి వచ్చాయి. ఫ్లెమింగ్ ఇచ్చిన ఆలోచన ఇది. చేతికి చిక్కిన జర్మన్ బాంబరు ఒకటి తీసుకోవాలి. జర్మన్ యూనిఫారాలు వేసుకున్న మనవాళ్లు అందులో వెళ్లి ఇంగ్లిష్ ఛానెల్‌లో కూల్చాలి. ‘కాపాడండి’ అని కబురు పెట్టాలి. రక్షించడానికి వచ్చిన జర్మన్ పడవ సిబ్బందిని మట్టుబెట్టి, పడవను యంత్రంతో సహా ఇంగ్లండు తోలుకురావాలి. పేరు ఆపరేషన్ రూత్‌లెస్. సన్నాహాలు కూడా జరిగాయి గానీ సరైన పడవ దొరకక రద్దు చేశారు. సంకేతాలు ఛేదించే పనిలో ఉన్న అలన్ ట్యూరింగ్ వాళ్లు చాలా నిరాశపడ్డారు.

రెండోది 1939 నాటి ‘ట్రౌట్ మెమో’. శత్రువును మోసగించే ఉపాయాల జాబితా. గాడ్‌ఫ్రీ సంతకంతో వెళ్లింది గానీ, రాసిన చేయి ఫ్లెమింగ్‌దని చాలామంది అంటారు. అందులో 28వ ఉపాయం: తప్పుడు కాగితాలు జేబులో పెట్టి ఒక శవాన్ని ఒడ్డుకు కొట్టుకుపోయేలా చేయడం. ఇది మంచి ఉపాయం కాదు సుమా అని శీర్షికలోనే రాసుకున్నారు. 1943లో స్పెయిన్ తీరంలో, హువెల్వా దగ్గర, సెరాఫ్ అనే జలాంతర్గామి నుంచి సరిగ్గా ఇలాంటి శవాన్నే వదిలారు. అదే ఆపరేషన్ మిన్స్‌మీట్. దాన్ని నడిపిన ఇద్దరిలో ఒకడైన యూయెన్ మోంటాగు కూడా ఆర్.ఎన్.వి.ఆర్. అధికారే, వృత్తి రీత్యా లాయరు. తీరరేఖ గారు చెప్పిన ‘పెద్దమనుషుల’ దళం చేసిన పనులివి.

లంగరు | ఆదివారం, మధ్యాహ్నం 12.10

అన్నీ బాగున్నాయి. కానీ నేను ఒప్పుకోను.

గదిలో కూర్చుని పథకాలు రాసినవాడు తెలివైనవాడే కావచ్చు, నావికుడు కాడు. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా డెక్కు మీద కాపలా కాసినవాడికి, కడుపులో తిప్పుతుంటే బకెట్టు పక్కన పెట్టుకుని రాడార్ చూసినవాడికి మాత్రమే ఆ మాట వాడాలి. మీ బాండ్ నవలల్లో ఎక్కడైనా సముద్రపు వాంతి ఉందా? మార్టినీ ఎలా కలపాలో పేరాలకు పేరాలుంది.

మధ్యాహ్నపు_నిద్ర | ఆదివారం, మధ్యాహ్నం 12.14

మొదటిసారి ఈ చర్చలో నాకు ఆసక్తి కలిగింది. వాంతి లేని సముద్ర సాహిత్యం అని కొత్త చర్చ తెరవండి.

తీరరేఖ | ఆదివారం, సాయంత్రం 4.35

లంగరు గారూ, మీ మాటలో సగం న్యాయముంది. ఫ్లెమింగ్ మట్టుకు నిజంగానే శత్రువుకు దగ్గరగా వెళ్లలేదు, వెళ్లనివ్వలేదు. అతని బుర్రలో రహస్యాలు ఎక్కువ, పట్టుబడితే ప్రమాదం. 1942 ఆగస్టులో ఫ్రాన్స్ తీరంలోని దియేప్ మీద దాడి జరిగినప్పుడు ఫెర్నీ అనే యుద్ధనౌక మీద తీరానికి దూరంగా నిలబడి చూశాడు, అంతే. తాను రూపుదిద్దిన 30 అసాల్ట్ యూనిట్ అనే కమాండో దళానికి అదే మొదటి పని. ముందు వరసతో పాటు చొచ్చుకుపోయి శత్రువు కార్యాలయాల్లో సంకేత పుస్తకాలు, పత్రాలు, పరికరాలు తగలబెట్టకముందే చేజిక్కించుకోవడం వాళ్ల బాధ్యత.

కానీ ఆ వంకర చారలవాళ్లందరూ బల్లల వెనక కూర్చోలేదు. లయొనెల్ క్రాబ్ సంగతి చూడండి. ఆర్.ఎన్.వి.ఆర్. అధికారి. యుద్ధంలో జిబ్రాల్టర్‌లో, శత్రు ఈతగాళ్లు ఓడల అడుగున అంటించిన మందుపాతరలను నీళ్లలోకి దిగి చేత్తో ఊడదీసేవాడు. జార్జి పతకం ఇచ్చారు. తర్వాత 1956 ఏప్రిల్‌లో, సోవియట్ నేత కృశ్చేవ్‌ను తీసుకొచ్చిన యుద్ధనౌక అడుగు భాగాన్ని రహస్యంగా చూడటానికి పోర్ట్స్‌మత్ రేవులో దిగి, ఇక పైకి రాలేదు. ప్రభుత్వం ఇరుకున పడింది. ఆయన హోదా కూడా కమాండరే. అయిదేళ్ల తర్వాత వచ్చిన ‘థండర్‌బాల్’ నవలలో బాండ్ రాత్రివేళ విలన్ ఓడ కిందికి ఈదుకుంటూ వెళ్లి అడుగు తడిమి చూస్తాడు. ఆ అధ్యాయం చదువుతుంటే క్రాబ్ గుర్తురాకుండా ఉండడు.

అంతకుముందే, 1954 నాటి ‘లివ్ అండ్ లెట్ డై’లో బాండ్ జమైకా తీరంలో సొరచేపల మధ్య ఈది, విలన్ పడవకు మందుపాతర అంటిస్తాడు. క్రాబ్ ఊడదీసేవాడు, ఇతను అంటిస్తాడు. నౌకాదళం నేర్పిన పని ఏదైనా బాండ్‌లో ఉందంటే అది నీటి పైన కాదు, నీటి కింద ఉంది. ఓడ నడపడు, ఓడ అడుగున ఉంటాడు.

లంగరు | ఆదివారం, సాయంత్రం 5.02

క్రాబ్ దగ్గర నోరు మూసుకుంటున్నాను. ఈతగాళ్లంటే మాకు భయమూ గౌరవమూ రెండూ ఉండేవి.

రీలుబొమ్మ | ఆదివారం, రాత్రి 8.18

పుస్తకాలవాళ్లు ఒక్క శ్వాస తీసుకుంటే సినిమా సంగతి కూడా చెబుతాను.

తెర మీద బాండ్ కమాండర్ యూనిఫారంలో కనిపించింది తక్కువ సార్లే. 1967లో ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’లో షాన్ కానరీ, 1977లో ‘ద స్పై హూ లవ్డ్ మీ’లో రోజర్ మూర్, 1997లో ‘టుమారో నెవర్ డైస్’లో పియర్స్ బ్రాస్నన్. వీటిలో మొదటిది నాకు ఎక్కువ ఇష్టం. హాంకాంగ్‌లో చనిపోయినట్టు నటించిన బాండ్‌కు సముద్రంలో అంత్యక్రియలు చేస్తారు. గుడ్డలో చుట్టిన శవాన్ని నీళ్లలోకి వదిలితే ఈతగాళ్లు పట్టుకుని జలాంతర్గామిలోకి చేరుస్తారు. చుట్టిన గుడ్డ కోస్తే లోపల ఇస్త్రీ చెడని యూనిఫారంలో కానరీ. ఓడ మీదికి రావడానికి అనుమతి అడుగుతాడు. ఎం. కూడా అక్కడ నౌకాదళ దుస్తుల్లోనే ఉంటాడు, అతని కార్యదర్శి మనీపెన్నీ సహా.

గమ్మత్తేమిటంటే, 1958లోనే ఆర్.ఎన్.వి.ఆర్.ను మిగతా రిజర్వులో కలిపేశారు. మొదటి సినిమా వచ్చింది 1962లో. కాబట్టి సినిమావాళ్లు ఆకుపచ్చ గుడ్డ, అలల చారల గొడవ లేకుండా అతన్ని నేరుగా రాయల్ నేవీలోకి బదిలీ చేసేశారు. తిన్నని చారలే వేశారు.

ఇంకోటి. కమాండర్ వేషం వేసిన కానరీ నిజంగా నౌకాదళంలో పనిచేసినవాడే! 1946లో పదహారేళ్ల వయసులో మామూలు నావికుడిగా చేరాడు. కడుపులో పుండు వల్ల పంతొమ్మిదో ఏట పంపించేశారు. అప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్లు చేతి మీద జీవితాంతం ఉన్నాయి: ఒకటి అమ్మా నాన్నల పేర, రెండోది స్కాట్లండ్ పేర. అంతకన్నా ముందు ఎడింబరోలో పాలు పోసేవాడు, ఆయన పాలు పోసిన చోట్లలో ఫెటిస్ బడి కూడా ఉంది. అవును, బాండ్ చదివాడని సుబ్బు గారు రాసిన ఆ ఫెటిసే.

రోజర్ మూర్ చేసిందేమో సైన్యంలో, కెప్టెన్‌గా. పాపం, ఆయనకూ నౌకాదళం టోపీ పెట్టారు.

లంగరు | ఆదివారం, రాత్రి 8.40

అయితే ఒప్పుకుంటాను. నవలలో బాండ్ నావికుడు కాడు, కానరీ నావికుడే. పదహారేళ్లకు చేరి, పచ్చబొట్టు పొడిపించుకుని, కడుపు చెడి ఇంటికి వెళ్లాడు. ఇంతకన్నా నావికుడు ఎలా ఉంటాడు?

ఓడ ఎక్కేటప్పుడు అనుమతి అడగడం కూడా సరైన పద్ధతే.

రీలుబొమ్మ | ఆదివారం, రాత్రి 8.47

వాచీ సంగతి మరిచాను. 1995లో ‘గోల్డెన్‌ఐ’ సినిమాకు దుస్తులు రూపొందించిన లిండీ హెమ్మింగ్ నీలం డయలున్న ఒమెగా సీమాస్టర్ ఎంచుకుంది. నౌకాదళం మనిషి, ఈతగాడు, అతనికి ఇదే నప్పుతుందని ఆమె వాదన. అప్పటి నుంచీ అదే కంపెనీ. నవలల్లో మాత్రం రోలెక్స్. 2021 సెప్టెంబరులో బ్రిటిష్ నౌకాదళం డేనియల్ క్రెయిగ్‌కు గౌరవ కమాండర్ హోదా ఇచ్చింది. కల్పిత హోదా నిజమైన మనిషి భుజం ఎక్కింది!

మధ్యాహ్నపు_నిద్ర | ఆదివారం, రాత్రి 9.05

మన కృష్ణ గారిని ‘ఆంధ్రా జేమ్స్ బాండ్’ అని పిలుచుకున్నప్పుడు ఏ దళం, ఏ చార అని ఎవరైనా అడిగారా? తుపాకీ ఉంది, టోపీ ఉంది, సరిపోయింది. హాయిగా చూశాం.

తీరరేఖ | సోమవారం, ఉదయం 7.20

నిద్ర గారికి నిద్ర పట్టకుండా ఇంకొకటి చెబుతాను. ఇది మనకు సంబంధించినది. నిజానికి ఈ చర్చలో నేను రాయాలనుకున్నది ఇదే.

బాండ్ కమాండర్ అవునో కాదో గానీ, నవలల్లో నిఖార్సయిన నావికుడు ఒకడున్నాడు. అతను ఎం. పూర్తి పేరు అడ్మిరల్ సర్ మైల్స్ మెసర్వీ. విండ్సర్ అడవి అంచున అతని ఇంటి పేరు ‘క్వార్టర్‌డెక్’, అంటే ఓడలో అధికారులు నిలబడే వెనక డెక్కు. వీధి తలుపు దగ్గర కాలింగ్ బెల్లుకు బదులు రిపల్స్ అనే పాత యుద్ధనౌక ఇత్తడి గంట వేలాడుతుంది. ఆ పేరున్న చివరి ఓడ ఎం. సముద్రం మీద చేసిన ఆఖరి కొలువు అని ఫ్లెమింగ్ రాశాడు. ఇంట్లో పనివాడు హేమండ్ కూడా మాజీ చీఫ్ పెటీ ఆఫీసరే.

రిపల్స్ నిజమైన ఓడ. 1941 డిసెంబరు 10న మలయా తీరంలో జపాన్ విమానాలు దాన్ని ముంచేశాయి. యుద్ధానికి ముందు దానికి కెప్టెన్ ఎవరో తెలుసా? ఫ్లెమింగ్ పై అధికారి, జాన్ గాడ్‌ఫ్రీ. ఎం. పాత్రకు మూలం ఎవరని జనం వాదించుకుంటారు గానీ, ఆ గంట మోగిస్తే తలుపు తీసేది గాడ్‌ఫ్రీయే.

ఇక ఆ గాడ్‌ఫ్రీ తర్వాత ఏమయ్యాడు? లండన్‌లో తోటి శాఖలతో పొసగక ఆయన్ను తప్పించి, 1943లో ఇక్కడికి పంపారు. రాయల్ ఇండియన్ నేవీకి అధిపతిగా! 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ స్థావరంలో మన నావికులు తిరగబడినప్పుడు అధిపతి ఆయనే. పురుగుల అన్నం, కింది నావికులను నోటికొచ్చినట్టు తిట్టిన అధికారి, ఇవీ కారణాలు. ఆ తిట్టిన అధికారి పేరు కింగ్, హోదా కమాండర్. సమ్మె కరాచీ నుంచి కలకత్తా దాకా పాకింది, మన విశాఖపట్నంలోనూ నావికులు కలిశారు. గాడ్‌ఫ్రీ రేడియోలో హెచ్చరిక చేశాడు: నౌకాదళం మొత్తం నాశనమైనా సరే, బలప్రయోగం చేసి అణచేస్తాం అన్న అర్థంలో. చివరికి వల్లభ్‌భాయ్ పటేల్ చెప్పిన మీదట 23న నావికులు విరమించారు.

నవలల్లో ఆ ముసలాయన పైపు కాలుస్తూ ‘007’ అని పిలిచినప్పుడల్లా నాకు ఆ రేడియో ప్రసంగం గుర్తొస్తుంది. పిల్లప్పుడు మా తాతగారి దగ్గర విన్న సమ్మె కథలో ప్రతినాయకుడు, నేను కాలేజీలో ఇష్టపడి చదివిన నవలల్లో పెద్దాయన, ఇద్దరూ ఒకే మనిషి నీడలని తెలిసిన రోజు పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను.

లంగరు | సోమవారం, ఉదయం 9.55

ఇది నాకు తెలియదు. గాడ్‌ఫ్రీ పేరు సమ్మె చరిత్రలో చదివాను. బాండ్‌తో ముడి ఉందని ఎప్పుడూ అనుకోలేదు. నేను మొదట పనిచేసింది విశాఖలో ఐ.ఎన్.ఎస్. సర్కార్స్‌లో. ఆ పేరు మన ఉత్తర సర్కారుల నుంచి వచ్చిందే. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ ఉన్న పేరు. మా పై తరంవాళ్లు 46 గురించి మాట్లాడేవారు కాదు. అడిగితే మాట మార్చేవారు.

హేమండ్ సంగతి మాత్రం నచ్చలేదు. నా హోదావాడి చేత టీ మోయిస్తారా!

పాత_అట్టలు | సోమవారం, మధ్యాహ్నం 1.30

తీరరేఖ గారూ, చాలా బాగా చెప్పారు. దీనికి ఒక చిన్న తోక తగిలిస్తాను. 00 అనే అంకెలు కూడా నౌకాదళం నుంచి వచ్చినవే. యుద్ధకాలంలో అడ్మిరల్టీలో అతి రహస్యమైన సందేశాలకు ముందు రెండు సున్నాలుండేవని, అక్కడి నుంచే తీసుకున్నానని ఫ్లెమింగ్ స్వయంగా చెప్పుకున్నాడు. అంటే బాండ్ హోదా, పై అధికారి, నంబరు, మూడూ ఆ 39వ నంబరు గదిలోవే. ఒక్క పేరే బయటిది. అది ‘బర్డ్స్ ఆఫ్ ద వెస్టిండీస్’ అనే పుస్తకం రాసిన అమెరికన్ పక్షి శాస్త్రవేత్తది.

సందేహాల_సుబ్బు | సోమవారం, రాత్రి 9.25

మీ జవాబులన్నీ బాబాయికి ఫోనులో చదివి వినిపించాను. గాడ్‌ఫ్రీ దగ్గర రెండోసారి చదవమన్నారు. వాలంటీర్ల స్పెషల్ బ్రాంచి అనగానే ‘‘ముందే చెప్పొచ్చు కదరా, అనవసరంగా నవ్వాను’’ అన్నారు. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేశారు. నేను తెల్లమొహం వేశాను. ఇక్కడ అడుగుతున్నాను: బాండ్‌కు జీతం ఎవరిస్తారు? నౌకాదళమా, ఆ రహస్య శాఖా? రిటైరైతే పెన్షన్ ఏ లెక్కన?

లంగరు | సోమవారం, రాత్రి 9.31

మూడు రోజుల చర్చలో అసలైన ప్రశ్న ఇప్పుడొచ్చింది.

పాత_అట్టలు | సోమవారం, రాత్రి 10.10

జవాబు ‘మూన్‌రేకర్’ మొదటి అధ్యాయంలో ఉంది. ఏడాదికి 1500 పౌండ్లు, సివిల్ సర్వీసులో ప్రిన్సిపల్ ఆఫీసరు స్థాయి జీతం. సొంత ఆస్తి మీద పన్ను లేకుండా మరో వెయ్యి వస్తుంది. నౌకాదళం జీతం ఊసే లేదు. యుద్ధం తర్వాత అతను పూర్తిగా సివిల్ ఉద్యోగి. చారలు పెట్టెలో, జీతం గుమస్తాల ఖాతాలో.

సందేహాల_సుబ్బు | సోమవారం, రాత్రి 10.52

చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘‘అయితే క్యాంటీన్ కార్డు కూడా రాదన్నమాట, పాపం’’ అన్నారు.